ఇంజనులోని మసి – సీసాలోని మందు



మోటారు విడిభాగములు విక్రయించు అంగడులలో నేడు తప్పక కనబడు వస్తువొకటి కలదు. అది జానెడు పొడవైన చిన్న సీసా. దానిలో తేనెరంగు ద్రవము. పైన “ఇంజను శుద్ధి” అను అర్థము వచ్చు పెద్ద అక్షరముల వ్రాత. ఈ మందును పెట్రోలు టాంకీలో పోసినచో ఏండ్లతరబడి పేరుకొనిన మసి కరగిపోవుననియు, ముసలి బండి పడుచుబండివలె పరుగెత్తుననియు, లీటరునకు వచ్చు దూరము హెచ్చుననియు దానిమీద చదువుదుము. ధర కొన్ని వందల రూపాయలు. ఇటువైపున మేస్త్రీ బండి చప్పుడు విని, “హెడ్డు విప్పి చూడవలెను” అనుచున్నాడు. అందుకు వేలు కావలెను.

పాత కారును నమ్ముకొని సంతకు కూరగాయలు చేర్చువానికిని, అద్దెకు త్రిప్పి సంసారము గడుపువానికిని ఈ రెంటిలో నేది చేయవలెనను ప్రశ్న చిన్నది కాదు. వందలతో తీరు పనికి వేలు వెచ్చించుట నష్టమే. వేలు పెట్టవలసినచోట వందలు పోసి కాలము గడపుట అంతకన్న పెద్ద నష్టము; ఏలయనగా ఆ గడచిన కాలములో ఇంజను మఱింత అరిగిపోవును.

ఈ మందులన్నియు వట్టి మోసమని కొందఱందురు. సర్వరోగనివారిణులని కొందఱందురు. ఈ రెండు మాటలును సరియైనవి కావు. ఈ విషయమున గుర్తుంచుకొనదగిన సూత్రము ఒక్కటే: టాంకీలో పోసిన మందు పెట్రోలుతో కలసి ప్రయాణము చేయును, పెట్రోలు తడిపిన చోటనే అది పనిచేయును. పెట్రోలు పోని చోటనున్న మసిని అది ముట్టజాలదు. కావున మందు మంచిదా చెడ్డదా యని యడుగుటకు ముందు, మన బండిలో మసి ఎచ్చట పట్టినది, ఎందువలన పట్టినది అని యడుగవలెను.

మొదట మసి ఎట్లు పుట్టునో చూతము. లాంతరువత్తిని మితిమీరి పైకి త్రిప్పినచో చిమ్నీ నల్లబడుట మనమందఱము ఎఱిగినదే. కిరసనాయిలు హెచ్చి, దానికి తగిన గాలి చాలక, సగము కాలిన కార్బను గాజునకు అంటుకొనును. ఇంజనులో జరుగునదియు నిదియే. పెట్రోలు కార్బను, హైడ్రోజను అను రెండు మూలపదార్థముల సంయోగము. అది పూర్తిగా కాలినచో బొగ్గుపులుసు వాయువుగను, నీటియావిరిగను మాఱి సైలెన్సరునుండి వెడలిపోవును. అట్లు పూర్తిగా కాలుటకు ఒక పాలు పెట్రోలునకు తూకములో సుమారు 15 పాళ్ల గాలి కావలెను. గాలి తగ్గినను, పెట్రోలు హెచ్చినను, ఇంజను తగినంత వేడెక్కకున్నను కొంత కార్బను కాలక మిగులును.

మసికి రెండవ పుట్టిల్లు ఇంజను ఆయిలు. బూరెలు వండిన మూకుడును సరిగా తోమక మరల మరల పొయ్యిమీద పెట్టినచో, అంచులకు నల్లని గట్టి పెచ్చు పట్టును. గోటితో గీకినను రాదు. ఇంజనులోనికి చొరబడిన నూనెయు వేడిమికి మాడి అట్టి పెచ్చే కట్టును. ఇంజను శుభ్రపఱచినప్పుడు మనకు కనబడు నల్లని పొర యంతయు వట్టి బొగ్గు కాదు. పెట్రోలులోని జిగురు, మాడిన నూనె, నూనెలో కలిపిన లోహలవణముల బూడిద, గాలితో వచ్చిన ధూళి – ఇవన్నియు దానిలో కలసియుండును. అందువలననే ఒకచోటి మసి మెత్తగను, మఱియొకచోటి మసి ఱాతివలెను ఉండును.

పాత బండ్లలో ఇది హెచ్చుగా నుండుటకు కారణములు కొన్ని కలవు. పిస్టను రింగులును, వాల్వు గైడులును అరిగి నూనెకు దారి యిచ్చును. కార్బురేటరు సరిగా సవరింపబడక పెట్రోలును హెచ్చుగా వదలును. గాలివడపోత మూసికొనిపోవును. మన దేశపు మెకానిక్కులలో కొందఱికి మఱియొక అలవాటు కలదు: ఇంజను అతిగా వేడెక్కునను భయముతో థర్మోస్టాటును తీసి పాఱవేయుదురు. ఆ భయము తీరును గాని, నాటినుండి ఇంజను తనకు తగిన వేడికి చేరుటకు చాల కాలము పట్టును. చల్లని ఇంజనులో పెట్రోలు సరిగా కాలదు. ఇంటినుండి అంగడికి, అంగడినుండి ఇంటికి రెండేసి కిలోమీటర్లు మాత్రమే తిరుగు బండికిని ఇదే గతి. పెట్రోలులో కిరసనాయిలు కలిపి అమ్ము దుర్మార్గమును ఇచ్చట చెప్పక తప్పదు. కిరసనాయిలు పెట్రోలుకన్న బరువైనది, త్వరగా ఆవిరికాదు, పెట్రోలు ఇంజనులో పూర్తిగా కాలక మసిని మిగుల్చును.

ఇక మసి చేరు స్థలములను ఒక్కొక్కటిగా చూతము. ఈ వివరణకు మనకు చిరపరిచితమైన మారుతి 800 కారును ఉదాహరణముగా తీసికొందము. 1983లో మొదలై 2014లో ఉత్పత్తి నిలిచిన ఈ చిన్న కారుకు మూడు సిలిండర్లు. 2000 ప్రాంతమువఱకు వచ్చినవానిలో కార్బురేటరును, తరువాత వచ్చినవానిలో పెట్రోలును సూదిరంధ్రములగుండ చిమ్ము ఇంజక్టరులును ఉండెను.

మొదటి స్థలము కార్బురేటరులోని సన్నని జెట్టులు, లేదా ఇంజక్టరు మొన. ఇచ్చట చేరునది హెచ్చుగా పెట్రోలునుండి వచ్చిన జిగురు. ఇంజను నిలిపిన తరువాత మొననున్న రెండు చుక్కలు వేడికి ఎండి పొరకట్టును. రంధ్రము వెండ్రుకవాసి మూసికొనినను, పొగమంచువలె చిమ్మవలసిన పెట్రోలు ధారగా కాఱును. బండి నిలకడగా తిరుగక వణకును.

రెండవ స్థలము గాలి, పెట్రోలు లోనికి వచ్చు ఇన్లెట్ వాల్వు వెనుకభాగము. గైడునుండి జాఱిన నూనె దానిమీద మాడి, నత్తగుల్లవలె గరుకైన పెచ్చు కట్టును. ఈ పెచ్చు స్పాంజివలె పెట్రోలును పీల్చుకొనును. ఉదయమున చల్లగా నున్నప్పుడు బండి తొట్రుపడి, వేడెక్కిన పిమ్మట సర్దుకొనుట దీని గుఱుతులలో నొకటి.

మూడవ స్థలము పిస్టను తలమీదను, దానిపైనున్న దహనకోష్ఠముగోడలమీదను. ఇచ్చటి పొర మూడు అపకారములు చేయును. అది ఆక్రమించిన మేర కోష్ఠము చిన్నదై ఒత్తిడి హెచ్చును. అది కంబళివలె కప్పుకొని వేడిని బయటికి పోనీయదు. దాని అంచులు నిప్పుకణికవలె ఎఱ్ఱగా కాలి, స్పార్కు రాకముందే పెట్రోలును అంటించును. ఎత్తు ఎక్కునప్పుడు ఇంజనులో టకటకమను శబ్దము వచ్చుటకును, కార్బురేటరు బండ్లలో తాళము త్రిప్పి తీసినను ఇంజను ఆగక రెండు మూడు గ్రుక్కలు తిరుగుటకును ఇది ముఖ్యకారణము.

నాలుగవ స్థలము పిస్టను చుట్టునున్న రింగుల గాడులు. ఇచ్చట మసి బిగిసినచో రింగు కదలక నిలిచిపోవును. సిలిండరు గోడకు ఒత్తుకొనక నూనెను పైకి వదలును. ఆ నూనె మరల మసి యగును. ఇది తన తోకను తాను మ్రింగు పామువంటి రోగము.

అయిదవ స్థలము పొగ వెడలు మార్గము. నాలుగు స్ట్రోకుల ఇంజనులో ఇది పెద్ద బాధ పెట్టదు. కాని పెట్రోలుతో నూనె కలిపి పోయు పాత రెండు స్ట్రోకుల స్కూటర్లకు ఇదియే ప్రధానరోగము. పొగరంధ్రమును, సైలెన్సరును జిడ్డుమసితో మూసికొనిపోయి బండి లాగలేక మొఱాయించును.

ఈ మసితో మానవుడు చేసిన పోరాటము మోటారుబండియంత ప్రాచీనమైనది. తొలినాళ్ల కార్లకు కొన్నివేల మైళ్లకొకసారి హెడ్డు విప్పి, పిస్టనుతలలు గీకి, వాల్వులు నూరి మరల బిగించుట మామూలు సేవలో భాగముగా నుండెను. అంతట 1921లో అమెరికాలో థామస్ మిడ్జిలీ అను ఇంజనీరు, ఇంజనులోని టకటకను ఆపుటకు సీసముతో చేసిన ఒక ద్రవమును పెట్రోలులో కలుపు ఉపాయము కనిపెట్టెను. టకటక ఆగినది గాని, కాలిన సీసము బూడిదయై ఇంజనులో పేరుకొనసాగినది. ఆ బూడిదను తఱుముటకు బ్రోమినుతో చేసిన రెండవ ద్రవమును కలుపవలసివచ్చెను. ఇంజను బాగుపడినది, కాని పొగతో వెడలిన సీసము గాలిలో విషమై, ముఖ్యముగా శిశువుల బుద్ధివికాసమునకు హానికరమయ్యెను. మన దేశమున 1995లో నాలుగు మహానగరములలో సీసములేని పెట్రోలు ప్రవేశపెట్టబడి, 2000 నాటికి దేశమంతటను సీసము తొలగింపబడినది. ప్రపంచమున కడపటి దేశమైన అల్జీరియాలో 2021లో దాని విక్రయము నిలిచినది. పెట్రోలులో కలుపు ప్రతి వస్తువునకును రెండవ ముఖమొకటి యుండునని ఈ చరిత్ర బోధించుచున్నది.

మసిని కడుగు మందుల చరిత్ర వేఱు. 1950 తరువాత కార్బురేటరు శుభ్రముగా నుంచుటకు సబ్బువంటి పదార్థములను పెట్రోలులో కలుప నారంభించిరి. 1980 తరువాత ఇంజక్టరులు వ్యాపించి, వాని సూదిరంధ్రములు మూసికొనుట పెద్ద సమస్య కాగా ఈ విద్య బలపడెను. 1995 నుండి అమెరికాలో విక్రయింపబడు పెట్రోలంతటిలోను కడుగు పదార్థము కొంత ఉండి తీరవలెనని శాసనము అమలు జరుగుచున్నది. కనుక సీసాలోని మందు మాయ కాదు. పెట్రోలులో స్వల్పముగా నుండదగిన వస్తువునే హెచ్చుపాళ్లలో ఒక్కసారిగా ఇచ్చుటయే దాని పని.

ఆ వస్తువు పనిచేయు తీరు కుంకుడురసము పనిచేయు తీరువంటిదే. తలకు పట్టిన నూనె వట్టి నీటికి వదలదు. కుంకుడులోని అణువునకు రెండు కొనలుండును; ఒక కొన నూనెను పట్టుకొనును, రెండవ కొన నీటిని పట్టుకొనును; నీటితోబాటు నూనెయు జాఱిపోవును. మంచి మందులలో నుండు పాలీఈథర్ అమీను అను పదార్థమును అట్లే. దాని యొక కొనయైన అమీను మసికి అంటుకొనును. పొడవైన రెండవ కొన పెట్రోలులో కలసిపోవును. పెట్రోలు ప్రవాహముతో మసి కొంచెము కొంచెముగా ఊడి, దహనకోష్ఠమునకు పోయి కాలిపోవును. ఈ పదార్థము అధికమైన వేడికిని ఓర్చుకొనును. తాను కాలినప్పుడు పెద్దగా శేషము మిగుల్చదు. ఇంతకన్న చౌకయైన పదార్థములు కొన్ని ఇంజక్టరును, వాల్వును కడుగును గాని, దహనకోష్ఠములో తామే కొంత పొరను మిగుల్చును. కిరసనాయిలువంటి వట్టి ద్రావకములతో నింపిన సీసాలును లేకపోలేదు. కావున కొనునప్పుడు సీసాపై బొమ్మను గాక, లోపలనున్న పదార్థము పేరు చూడవలెను. పేరే వ్రాయని సీసాను అంగడిలోనే విడిచి వచ్చుట మేలు.

ఇప్పుడు మన సూత్రమును అయిదు స్థలములకును అన్వయింపజేసి చూతము. కార్బురేటరు జెట్టులను, ఇంజక్టరు మొనను పెట్రోలు ఎల్లప్పుడు తడుపుచునే యుండును. కావున అచ్చట మందు చక్కగా పనిచేయును. మారుతి 800 వంటి బండ్లలో పెట్రోలు ఇన్లెట్ వాల్వు వెనుకనుండియే లోనికి పోవును. కాబట్టి అచ్చటి పెచ్చును కూడ ఒకటి రెండు టాంకీలలో క్రమముగా తగ్గించును. దహనకోష్ఠములో ఫలము మధ్యమము. మంచి పదార్థమైనచో కొంత పొర పోవును, ఱాతివలె గట్టిపడినది పోదు. రింగుల గాడులకు పెట్రోలు చేరునది బహుస్వల్పము. అచ్చట బిగిసిన రింగు సీసామందుతో విడివడునని ఆశించుట తగదు. పొగమార్గమునకు చేరునాటికి మందు కాలిపోయియే యుండును. స్కూటరు సైలెన్సరును విప్పి శుభ్రము చేయుటయే గతి.

నేటి కార్లలో కొన్నిటియందు పెట్రోలును వాల్వు వెనుక గాక, నేరుగా సిలిండరులోనికే చిమ్ముదురు. అట్టివానిలో వాల్వు వెనుకభాగమునకు పెట్రోలు చుక్కయైనను తగులదు. టాంకీలో ఎన్ని సీసాలు పోసినను ఆ పెచ్చు కదలదు. అట్టి ఇంజనులకు వాల్వుమీద అక్రోటు చిప్పల పొడిని గాలితో బలముగా కొట్టి శుభ్రము చేయు పద్ధతి పాశ్చాత్యదేశములలో వాడుకలో నున్నది. డీజిలు బండ్లలోను ఇట్టిదే. పొగలో కొంత భాగమును మరల ఇంజనులోనికి త్రిప్పి పంపు ఏర్పాటుగల డీజిలు బండ్లలో, ఆ పొగయు నూనెయావిరియు కలసి గాలిదారిలో తారువంటి మసి కట్టును. ఆ దారిలో డీజిలు ప్రవహింపదు. డీజిలు మందు ఇంజక్టరు మొనను బాగుచేయునేమో గాని, ఆ తారును తాకజాలదు. పెట్రోలు మందును డీజిలులోను, డీజిలు మందును పెట్రోలులోను పోయరాదని వేఱుగ చెప్పనక్కఱలేదు.

రోగమును గుర్తించుట ఎట్లు? ఖర్చులేని పరీక్షలు రెండు కలవు. మొదటిది పొగరంగు. నల్లని పొగ పెట్రోలు హెచ్చినదని చెప్పును. గాలివడపోతను, కార్బురేటరును చూడవలెను. నీలిపొగ నూనె కాలుచున్నదని చెప్పును. రింగులో వాల్వు సీళ్లో అరిగినవి. ఇంజను వేడెక్కినను ఆగని దట్టమైన తెల్లపొగ నీరు లోనికి పోవుచున్నదని చెప్పును; ఆ బండిని నడపక హెడ్డు గ్యాస్కెట్టును చూపించవలెను. రెండవది స్పార్కు ప్లగ్గు. విప్పి చూచినప్పుడు దాని మొన ఇటుకరంగున, లేత గోధుమరంగున ఉన్నచో దహనము సరిగా నున్నది. వ్రేలితో తుడిచిన పోవు పొడిమసి యున్నచో పెట్రోలు హెచ్చినది. తడిగా జిడ్డుగా నల్లగా నున్నచో నూనె పైకి వచ్చుచున్నది.

మూడవ పరీక్ష మేస్త్రీ చేయవలసినది. ప్లగ్గు స్థానమున ఒత్తిడిమాపకమును బిగించి ఒక్కొక్క సిలిండరు ఒత్తిడిని కొలువవలెను. మూడు సిలిండర్లలో రెండు సమముగా నుండి ఒకటి మిక్కిలి తగ్గియున్నచో, ఆ సిలిండరు రింగులనో వాల్వులనో చూడవలసినదే. మందు పోసి ప్రయోజనము లేదు. నేడు సన్నని గొట్టము చివరనున్న చిన్న కెమేరాను ప్లగ్గురంధ్రమునుండి దింపి, హెడ్డు విప్పకయే పిస్టనుతలను చూడవచ్చును. హెడ్డు విప్పవలెనని చెప్పు మేస్త్రీని, విప్పుటకు ముందు ఒత్తిడి కొలిచి చూపుమని యడుగుట మన హక్కు. ఆ యడుగు ప్రశ్న వేల రూపాయలను మిగుల్పవచ్చును.

పరీక్షలలో ఒత్తిడి సరిగా నుండి, నీలిపొగ లేక, బండి చల్లగా నున్నప్పుడు తొట్రుపడుటయు, నిలకడలేకుండుటయు మాత్రమే కనబడినచో, అప్పుడు సీసామందు వాడదగును. వాడు విధానము ఇది. ముందుగా గాలివడపోతను, ప్లగ్గులను, పెట్రోలు వడపోతను బాగుచేయించుడు. టాంకీ దాదాపు ఖాళీయైనప్పుడు మందు పోసి, పిమ్మట సీసాపై చెప్పిన పరిమాణము పెట్రోలు పట్టించుడు. అట్లు చేసినచో రెండును చక్కగా కలియును. ఆ పెట్రోలును ఊరిలో ఆగి ఆగి తిరుగుటకు గాక, ఇంజను బాగుగా వేడెక్కునట్లు దూరప్రయాణమునకు వినియోగించుడు. చెప్పినదానికన్న హెచ్చు మందు పోసిన హెచ్చు ఫలము రాదు. ఆ టాంకీ పూర్తియైన తరువాత ఇంజను ఆయిలును మార్చుడు. ఏలయనగా మందులో కొంత భాగము సిలిండరు గోడలవెంట జాఱి నూనెలో చేరును. కాబట్టి నూనె మార్చవలసిన గడువు దగ్గఱ పడినప్పుడే మందు వాడుట పొదుపరి లక్షణము.

పాత బండ్ల విషయమున ఇంకొక జాగ్రత్త కలదు. ఇరువదియేండ్లుగా టాంకీ అడుగున తుప్పు, జిగురు చేరియుండును. మందు దానిని కదిలించి వడపోతను మూయవచ్చును. 2025 నాటికి మన దేశమంతట పెట్రోలులో 20 శాతము వఱకు ఎథనాలు కలియుటచే అదియు నిట్టి పనియే చేయుచున్నది. పైగా పాత రబ్బరు గొట్టములను చెఱచును, తేమను పీల్చును. కావున మందు పోసిన వారమునకు బండి మొఱాయించినచో మందు విషమని భయపడక, మొదట వడపోతను మార్చి చూడుడు. గొట్టములు మెత్తబడినవేమో, పగిలినవేమో చూడుడు. పెట్రోలు కాఱు బండిని క్షణమైనను నడపరాదు.

నూనెలో పోసి కడుగు మందులు వేఱొక జాతికి చెందినవి. బహుకాలము నూనె మార్చని ఇంజనులో అడుగున బురద గడ్డకట్టి యుండును. ఆ మందు ఆ గడ్డలను ఒక్కసారిగా ఊడ్చినచో అవి నూనె పీల్చు జల్లెడకు అడ్డుపడి, ఇంజను నూనెలేక బిగిసిపోవచ్చును. అట్టి ఇంజనునకు మంచి నూనె పోసి, మామూలుకన్న తక్కువ గడువులో రెండు మూడు మాఱులు మార్చుటయే నెమ్మదియైన చికిత్స.

నాటువైద్యములు కొన్ని వాడుకలో నున్నవి. నాఫ్తలీను ఉండలను టాంకీలో వేయుట యొకటి. అది కార్బను అధికముగాగల పదార్థము. కాలునప్పుడు మసినే కలిగించును. పరుగెత్తు ఇంజను గాలిదారిలో నీరు చల్లుట మఱియొకటి. ఆవిరి మసిని ఊడ్చుమాట నిజమే; కాని నీరు కొంచెము హెచ్చినను పిస్టను దానిని నొక్కలేక లోపలి కడ్డీ వంగిపోవును. ఊడిన పెచ్చు వాల్వుక్రింద చిక్కుకొనినను కష్టమే. చేతికందిన ప్రతి ఉపాయమును పాత ఇంజనుమీద ప్రయోగించుట, వృద్ధునిమీద కొత్తవైద్యుడు చేయు ప్రయోగమువంటిది.

మందు పనిచేసినదో లేదో మనస్సుతో గాక లెక్కతో తెలిసికొనవలెను. మందుకు ముందు టాంకీ నిండుగా పట్టించి, తిరిగిన కిలోమీటర్లు వ్రాసికొని, మరల నిండుగా పట్టించినపుడు పట్టిన లీటర్లతో భాగించుడు. మందు తరువాత అదే దారిలో, అదే బరువుతో, అట్లే లెక్కించుడు. పైకము వెచ్చించినవానికి బండి నున్నగా పోవుచున్నట్లు తోచుట సహజము. కాగితముమీది అంకెకు ఆ మమకారము లేదు. ఇంజక్టరులే మూసికొనియుండినచో కొంత భేదము కనబడును. అవి ముందే శుభ్రముగా నుండినచో ఏమియు కనబడదు. అట్టి బండికి రెండవ సీసా కొనవలదు.

ఈ మందులు త్వరగా అంటుకొనునవి, మ్రింగిన ప్రాణాపాయము కలిగించునవి అని మఱువరాదు. వంటయింటిలో నుంచరాదు. మిగిలినదానిని పానీయముల సీసాలలో పోసి దాచరాదు, పిల్లలు త్రాగుదురు. పోయునప్పుడు ఇంజను ఆపవలెను. దాపున బీడీయైనను వెలుగరాదు.

కడపటిగా, మసి కార్యము, కారణము వేఱు. అరిగిన రింగు, తప్పిన కార్బురేటరు, తీసివేసిన థర్మోస్టాటు, మూసికొనిన వడపోత – వీనిలో ఏ యొక్కటి యట్లే యున్నను, నేడు కడిగిన మసి కొన్ని నెలలలో మరల చేరును. కారణమును సవరించిన పిమ్మట వాడిన సీసా ఒక్కటి చాలును. సవరింపక వాడిన సీసాలు పది యైనను చాలవు. వేళకు నూనె మార్చుట, నమ్మకమైనచోట పెట్రోలు పట్టించుట, వారమున కొకసారియైనను బండిని బాగుగా వేడెక్కువఱకు దూరము నడపుట – ఈ మూడును పాటించిన పాత బండి, యజమానుని అన్నమును మఱి కొన్ని యేండ్లు మోయును. అంగడిలో సీసా చేతికి తీసికొనునప్పుడు ఒక్క క్షణమాగి, “నా బండిలో మసి యున్నచోటికి ఇది పోవునా?” అని ప్రశ్నించుకొనుడు. పోవునని తెలిసిన కొనుడు. పోదని తెలిసిన ఆ పైకమును మేస్త్రీ ఒత్తిడి కొలుచు కూలికి దాచుకొనుడు.